సర్కారు నిలిచింది... సాగు నిలిచిపోయింది

- అవిశ్వాసం వీగినా తొలగని అనిశ్చితి
- విమర్శకు పదునున్నా ఎన్నికలకు సిద్ధపడని ప్రతిపక్షం
- రెండేళ్లపాటు సర్పంచులు లేని పల్లెలు
- నాటి సంక్షోభం నేర్పిన పాఠం ఏమిటి?

అమలాపురం: ప్రభుత్వం ఉన్నట్టా, లేనట్టా? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2009 సెప్టెంబర్ నుంచి 2014 ఫిబ్రవరి వరకు ప్రతిపక్షాలు పదేపదే సంధించిన ప్రశ్న ఇది. నాలుగున్నరేళ్లలో ముగ్గురు ముఖ్యమంత్రులు మారారు. రెండు అవిశ్వాస తీర్మానాలు వీగిపోయాయి. పదుల సంఖ్యలో శాసనసభ స్థానాలకు ఉప ఎన్నికలు జరిగాయి. ప్రభుత్వం చచ్చుబడిందని ప్రతిపక్షం విమర్శించింది. కుట్రలను తట్టుకుని నిలబడ్డామని అధికారపక్షం చెప్పుకుంది. ఈ వాదోపవాదాల నడుమ పల్లెకు ఒరిగిందేమిటన్న లెక్క మాత్రం నేటికీ పూర్తిగా తేలలేదు. ఆ లెక్క తీయాలంటే కోనసీమ పొలాల నుంచి మొదలుపెట్టడమే సబబు.

బీడు పెట్టిన మాగాణి

2011 ఖరీఫ్‌లో అప్పటి తూర్పుగోదావరి జిల్లా కోనసీమ రైతులు అంతకుముందు ఎన్నడూ వినని నిర్ణయం తీసుకున్నారు. ధవళేశ్వరం ఆనకట్ట నుంచి కాల్వల్లో నీరు వస్తున్నా నారుమళ్లు పోయలేదు. దమ్ము చేయలేదు. ఊడ్పులు మానేశారు. కరువు వచ్చి భూమి బీడు పడటం రాష్ట్రానికి కొత్త కాదు. నీరుండగా మాగాణిని బీడు పెట్టడమే కొత్త. 'క్రాప్ హాలిడే' అన్న మాట ఆ ఏడాదే దేశమంతటా వినిపించింది. ఎన్ని ఎకరాల్లో సాగు ఆగిందన్న దానిపై ప్రభుత్వ లెక్కకు, రైతు సంఘాల లెక్కకు పొంతన కుదరలేదు. పదుల వేల ఎకరాలన్నది మాత్రం కాదనలేని సత్యం.

కారణాలు రైతులకు కొట్టినపిండి. 2010-11లో సాధారణ రకం ధాన్యానికి కేంద్రం ప్రకటించిన కనీస మద్దతు ధర క్వింటాలుకు 1,000 రూపాయలు. గోదావరి జిల్లాల్లో వాడుకలో ఉన్న 75 కిలోల బస్తా లెక్కన చూస్తే 750 రూపాయలు. ఆ ధర కూడా కళ్లం దగ్గర దక్కలేదన్నది రైతుల ఆక్రోశం. గోదాములు నిండి ఉన్నాయి. లెవీ బియ్యాన్ని తీసుకునే చోటు లేదు. 2008 నుంచి బాస్మతేతర బియ్యం ఎగుమతిపై నిషేధం కొనసాగుతోంది. బియ్యం కదలకపోతే మిల్లరు ధాన్యం కొనడు. కొన్నా ధర తెగ్గోస్తాడు. మరోవైపు కూలి, ఎరువుల ఖర్చులు పెరిగాయి. మురుగు కాల్వలు పూడిపోయి, సముద్రంలోకి నీరు పోయే మొగలు మూసుకుపోయి, చినుకు పడితే చేలు చెరువులయ్యాయి. సముద్రతీర మండలాల్లో ఏటా ఇదే వ్యథ.

ఈ సమస్యల్లో కొన్ని కేంద్రం చేతిలో ఉన్నాయి. మద్దతు ధర, ఎగుమతి విధానం, గోదాముల నిర్వహణ ఢిల్లీ నిర్ణయాలు. మురుగు కాల్వల పూడికతీత, ధాన్యం కొనుగోలు కేంద్రాలు, పంట నష్టపరిహారం, కౌలు రైతులకు రుణాలు రాష్ట్రం పని. ఢిల్లీని నిలదీసి ఒప్పించాలన్నా, ఇక్కడ పూడిక తీయించాలన్నా కావలసింది నిలకడైన పాలన. సరిగ్గా అదే ఆ రోజుల్లో కొరవడింది.

పరిస్థితి చేయిదాటాక రాష్ట్ర ప్రభుత్వం మాజీ ప్రధాన కార్యదర్శి మోహన్ కందా నేతృత్వంలో కమిటీని వేసింది. బాస్మతేతర బియ్యం ఎగుమతిపై నిషేధాన్ని కేంద్రం 2011 సెప్టెంబర్‌లో తొలగించింది. అప్పటికి ఊడ్పుల అదను దాటిపోయింది. 2011-12కు మద్దతు ధరను 1,080 రూపాయలు చేశారు. బస్తాకు 60 రూపాయలు పెరిగిందన్నమాట. సాగు మానుకున్న రైతుకు ఒక పంట పోయింది. ఆ చేలలో ఊడ్పులకు, కోతలకు వెళ్లే వ్యవసాయ కూలీకి ఏడాది తిండిలో పెద్ద భాగం పోయింది. క్రాప్ హాలిడే గురించి జరిగిన చర్చల్లో రైతు పేరు వినిపించినంతగా కూలీ పేరు వినిపించకపోవడం గమనార్హం.

అంకెల మీద నిలిచిన ప్రభుత్వం

2009 ఎన్నికల్లో 294 స్థానాల శాసనసభలో కాంగ్రెస్‌కు వచ్చినవి 156. సాధారణ మెజారిటీకి కావలసిన 148 కంటే ఎనిమిది మాత్రమే ఎక్కువ. తెలుగుదేశం 92 స్థానాలతో ప్రధాన ప్రతిపక్షమైంది. ప్రజారాజ్యం 18, టీఆర్ఎస్ 10, మజ్లిస్ 7 గెలుచుకున్నాయి. వై.ఎస్.రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్నంతకాలం ఈ అంకె పలచగా కనిపించలేదు. 2009 సెప్టెంబర్ 2న నల్లమలలో జరిగిన హెలికాప్టర్ ప్రమాదంలో ఆయన మరణించడంతో ఆ ఎనిమిది స్థానాల తేడా ఎంత స్వల్పమో బయటపడింది.

మరునాడే రోశయ్య ముఖ్యమంత్రి అయ్యారు. మూడు నెలలు దాటగానే డిసెంబర్ 9న తెలంగాణ ఏర్పాటు ప్రక్రియ ప్రారంభిస్తామన్న కేంద్రం ప్రకటన, దానికి సీమాంధ్రలో వెల్లువెత్తిన రాజీనామాలు, డిసెంబర్ 23న కేంద్రం వెనకడుగు, తెలంగాణలో మళ్లీ ఉద్యమం. ఇలా రాష్ట్రం రెండు మంటల మధ్య చిక్కుకుంది. 2010 నవంబర్ 24న రోశయ్య తప్పుకున్నారు. మర్నాడు కిరణ్ కుమార్ రెడ్డి పగ్గాలు చేపట్టారు. అదే నెలలో వై.ఎస్.జగన్మోహన్ రెడ్డి కాంగ్రెస్‌ను వీడారు. 2011 మే నెలలో కడప లోక్‌సభ ఉప ఎన్నికలో అయిదు లక్షలకు పైగా ఆధిక్యంతో గెలిచి సత్తా చాటారు. కాంగ్రెస్ శాసనసభ్యుల్లో ఎవరు ఎటు ఉన్నారో అధిష్ఠానానికే అంతుబట్టని స్థితి.

ప్రజారాజ్యం విలీనంతో కాంగ్రెస్ ఊపిరి పీల్చుకుంది. 2011 ఫిబ్రవరిలో విలీనాన్ని ప్రకటించారు. ఆగస్టులో లాంఛనం పూర్తయింది. కోనసీమలో నారుమళ్లు పోయని ఖరీఫ్ కూడా అదే. హైదరాబాద్‌లో 18 మంది సభ్యుల చేరికకు లెక్కలు వేస్తున్న రోజుల్లో డెల్టాలో రైతు పెట్టుబడి లెక్క వేసుకుని నాగలి పక్కన పెట్టాడు.

రెండు తీర్మానాలు... ఒకే అంకె

ప్రతిపక్షనేత చంద్రబాబునాయుడు రైతు సమస్యను ఆలస్యంగా పట్టుకున్నారనడం న్యాయం కాదు. అకాల వర్షాలకు పంట నష్టపోయిన రైతులకు తగిన పరిహారం ఇవ్వాలని కోరుతూ 2010 డిసెంబర్‌లో ఆయన హైదరాబాద్‌లో నిరాహార దీక్ష చేశారు. ఆరోగ్యం క్షీణించడంతో ఆస్పత్రికి తరలించినా దీక్ష కొనసాగించారు. అదే సమయంలో జగన్ విజయవాడలో కృష్ణా తీరాన రైతుల కోసం మరో దీక్ష చేపట్టారు. ఒకే సమస్యపై ఒకే వారంలో రెండు శిబిరాలు వేర్వేరుగా దీక్షలకు దిగడం ఆనాటి ప్రతిపక్ష రాజకీయానికి అద్దం పడుతుంది. ప్రభుత్వంపై పోరు ఎంత నిజమో, ప్రభుత్వం తర్వాత వచ్చేదెవరన్న పోటీ కూడా అంతే నిజం.

2011 డిసెంబర్‌లో తెలుగుదేశం ప్రవేశపెట్టిన అవిశ్వాస తీర్మానంపై శాసనసభలో చర్చ జరిగింది. రైతుల కడగండ్లే తీర్మానానికి ప్రధాన భూమిక. అర్ధరాత్రి దాకా సాగిన చర్చ తర్వాత జరిగిన ఓటింగ్‌లో తీర్మానానికి అనుకూలంగా 122, వ్యతిరేకంగా 160 ఓట్లు వచ్చాయి. విప్‌ను ధిక్కరించి 16 మంది కాంగ్రెస్ సభ్యులు తీర్మానాన్ని బలపరిచారు. ప్రజారాజ్యం నుంచి గెలిచిన సభ్యులు అండగా నిలవడంతో కిరణ్ ప్రభుత్వం గట్టెక్కింది. విలీనం పూర్తయి ప్రభుత్వానికి ఢోకా లేదని తేలాకే తెలుగుదేశం తీర్మానం తెచ్చిందని దాని ప్రత్యర్థులు దెప్పిపొడిచారు.

రెండో తీర్మానం 2013 మార్చి 15న చర్చకు వచ్చింది. ఈసారి చొరవ టీఆర్ఎస్, వైఎస్సార్ కాంగ్రెస్‌లది. అంతకు నాలుగు నెలల ముందే, 2012 నవంబర్‌లో, మజ్లిస్ ప్రభుత్వానికి మద్దతు ఉపసంహరించుకుంది. కిరణ్ ప్రభుత్వం మునుపెన్నడూ లేనంత బలహీనంగా ఉంది. అయినా తెలుగుదేశం తటస్థంగా ఉండాలని నిర్ణయించి తన సభ్యులకు విప్ జారీ చేసింది. తీర్మానానికి అనుకూలంగా 58, వ్యతిరేకంగా 142 ఓట్లు వచ్చాయి. తటస్థంగా ఉన్నవారు 64 మంది. 294 మంది సభలో సగానికి తక్కువ ఓట్లతో ప్రభుత్వం నెగ్గింది.

ప్రభుత్వాన్ని తెలుగుదేశమే కాపాడిందని టీఆర్ఎస్, వైఎస్సార్ కాంగ్రెస్ దుమ్మెత్తిపోశాయి. అయితే అంకెలను నిదానంగా చూస్తే మరో సంగతి బోధపడుతుంది. తటస్థంగా నిలిచిన 64 మంది తీర్మానాన్ని బలపరిచి ఉంటే 58తో కలిపి 122 అవుతుంది. 2011లో వచ్చిన అంకె కూడా అదే. 142 ముందు 122 సరిపోదు. కేవలం కూడికల ప్రకారం చూస్తే ఆ రాత్రి ప్రభుత్వం పడిపోయేది కాదు. ప్రధాన ప్రతిపక్షం రంగంలోకి దిగితే ఊగిసలాటలో ఉన్న కాంగ్రెస్ సభ్యులు మరికొందరు గోడ దూకేవారన్నది విమర్శకుల వాదన. అది జరిగేదో కాదో ఎవరూ రుజువు చేయలేరు. రుజువైనది ఒక్కటే. ప్రభుత్వం చచ్చుబడిందని ఊరూరా చెబుతున్న పార్టీ, ఆ మాటను సభలో ఓటుగా మార్చడానికి సిద్ధపడలేదు.

ఎన్నికలంటే ఎవరికి వెరపు?

ఎందుకు సిద్ధపడలేదు? జవాబు ఉప ఎన్నికల ఫలితాల్లో ఉంది. 2010 జూలైలో తెలంగాణలో 12 స్థానాలకు ఉప ఎన్నికలు జరిగితే టీఆర్ఎస్ 11, బీజేపీ ఒకటి గెలిచాయి. 2012 మార్చిలో ఏడు స్థానాల్లో ఒక్కటీ తెలుగుదేశానికి దక్కలేదు. 2011 నాటి అవిశ్వాసానికి ఓటేసి అనర్హత వేటు పడిన సభ్యుల స్థానాలతో కలిపి మొత్తం 18 స్థానాలకు 2012 జూన్ 12న పోలింగ్ జరిగింది. వైఎస్సార్ కాంగ్రెస్ 15 గెలిచి ప్రభంజనం సృష్టించింది. కాంగ్రెస్‌కు మిగిలినవి గోదావరి జిల్లాల్లోని నరసాపురం, రామచంద్రపురం మాత్రమే. పరకాలలో టీఆర్ఎస్ గెలిచింది. తెలుగుదేశం ఖాతా తెరవలేదు.

అంటే 2013 మార్చిలో ప్రభుత్వం పడిపోయి ఎన్నికలు వచ్చి ఉంటే లాభపడేది తీర్మానం తెచ్చినవారే తప్ప ప్రధాన ప్రతిపక్షం కాదు. రాజకీయంగా తెలుగుదేశానికి కావలసింది కాలం. ఆ కాలాన్ని చంద్రబాబు పాదయాత్రకు వినియోగించారు. 2012 అక్టోబర్ 2న హిందూపురంలో మొదలైన 'వస్తున్నా మీకోసం' యాత్ర 208 రోజులు సాగి 2013 ఏప్రిల్ 27న విశాఖపట్నంలో ముగిసింది. రెండో అవిశ్వాసం చర్చకు వచ్చినప్పుడు ఆయన నడకలోనే ఉన్నారు. కరెంటు కోతలు, ఎరువుల ధరలు, రుణభారం ఆయన ప్రసంగాలకు ముడిసరుకయ్యాయి. అధికారంలోకి వస్తే రైతు రుణాలు మాఫీ చేస్తామన్న హామీ ఆ దారిలోనే ఊపందుకుంది.

అస్థిరతకు మూలమైన రాష్ట్ర విభజన విషయంలో ప్రతిపక్షనేత విమర్శకు మరో అవరోధం ఉంది. తెలంగాణకు తెలుగుదేశం 2008లోనే అనుకూలత తెలిపింది. సీమాంధ్రలో ఆ పార్టీ నేతలు సమైక్య నినాదమిచ్చారు. రెండు ప్రాంతాలూ తనకు రెండు కళ్లన్న అధినేత వైఖరిని ప్రత్యర్థులు ఎద్దేవా చేశారు. కాంగ్రెస్‌ది ఒక ప్రాంతానికి ఒక నాలుక అని విమర్శించినప్పుడల్లా అదే ప్రశ్న తిరిగి తన ముందుకు వచ్చింది. ఈ కారణంగా అనిశ్చితిని ఎత్తిచూపిన ప్రతిపక్షం, దాన్ని తొలగించే మార్గాన్ని మాత్రం చెప్పలేకపోయింది.

సర్పంచ్ లేని రెండేళ్లు

హైదరాబాద్‌లో ప్రభుత్వం ఉందా లేదా అన్న చర్చ జరుగుతుండగా, గ్రామంలో పాలకవర్గం లేదన్నది కళ్లెదుట కనిపించిన నిజం. 2006లో ఎన్నికైన పంచాయతీల గడువు 2011 ఆగస్టుతో ముగిసింది. మళ్లీ ఎన్నికలు 2013 జూలైలో మూడు విడతలుగా జరిగాయి. నడుమ దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారుల పాలన. మండల, జిల్లా పరిషత్‌ల గడువు కూడా 2011లోనే తీరింది. వాటి ఎన్నికలు 2014 ఏప్రిల్ దాకా జరగలేదు. 2010లోనే గడువు తీరిన మునిసిపాలిటీలు 2014 మార్చి 30 దాకా ఎదురుచూశాయి.

స్థానిక సంస్థల్లో మొత్తం రిజర్వేషన్లు 50 శాతం మించరాదన్న సుప్రీంకోర్టు తీర్పు నేపథ్యంలో బీసీల వాటాపై తలెత్తిన వివాదాన్ని ప్రభుత్వం కారణంగా చూపింది. వివాదం నిజమే. ఆ చిక్కుముడిని విప్పడానికి పట్టిన కాలం మాత్రం న్యాయస్థానం విధించింది కాదు. ఉప ఎన్నికల్లో వరుసగా దెబ్బ తింటున్న అధికారపక్షం ఊరూరా ఎన్నికలు పెట్టి మరో పరీక్షకు నిలబడే సాహసం చేయలేదు.

ఒక్కో ప్రత్యేకాధికారికి తన శాఖ పనితో పాటు పలు గ్రామాల బాధ్యత అప్పగించారు. వీధి దీపం వెలగకపోతే, రక్షిత నీటి పథకం మోటారు కాలిపోతే, మురుగు కాల్వ పూడిపోతే ఎవరి గుమ్మం తొక్కాలో పల్లెకు తెలియలేదు. ఎన్నికైన పాలకవర్గాలు లేనందున కేంద్ర ఆర్థిక సంఘం నిధులకు గండి పడింది. సర్పంచ్ మంచివాడైనా కాకపోయినా ఊళ్లోనే ఉంటాడు. పొద్దున్నే తలుపు తట్టవచ్చు. ప్రత్యేకాధికారి జీపు వచ్చే రోజు కోసం కాచుకోవాలి. రాజకీయ అస్థిరత అన్న పెద్ద మాట పల్లె అనుభవంలో ఇంత చిన్నదిగా, ఇంత సూటిగా ఉంటుంది.

కాళ్ల కింద గ్యాస్... ఇంట్లో చీకటి

కరెంటు కథ మరింత విచిత్రం. కృష్ణా-గోదావరి బేసిన్‌లోని సహజవాయువును నమ్ముకుని ఉభయ గోదావరి జిల్లాల పరిధిలో విద్యుత్ కేంద్రాలు వెలిశాయి. అంచనాలకు భిన్నంగా డి6 క్షేత్రంలో ఉత్పత్తి 2010 తర్వాత ఏటికేడు పడిపోయింది. విద్యుత్ కేంద్రాలకు రావలసిన గ్యాస్ తగ్గుతూ వచ్చి 2013 నాటికి దాదాపు ఆగిపోయింది. 2011లో 42 రోజులు సాగిన సకల జనుల సమ్మె కాలంలో సింగరేణి బొగ్గు ఉత్పత్తి కుంటుపడింది. 2012లో వానలు సరిగా లేక జలవిద్యుత్తు అక్కరకు రాలేదు. ఆ ఏడాది సెప్టెంబర్ నుంచి పరిశ్రమలకు వారానికి మూడు రోజుల విద్యుత్ విరామం అమలైంది. వ్యవసాయానికి ఏడు గంటల ఉచిత విద్యుత్ మాట కాగితానికి పరిమితమైందని రైతులు వాపోయారు. రాత్రివేళ వచ్చే కరెంటు కోసం చేల గట్ల మీద జాగారం తప్పలేదు.

గ్యాస్ తరుగుదల ఏ రాష్ట్ర ప్రభుత్వమూ తెచ్చిపెట్టింది కాదు. ముందుచూపుతో ప్రత్యామ్నాయం చూసుకోకపోవడం, వాటా కోసం కేంద్రంపై గట్టిగా ఒత్తిడి తేలేకపోవడం మాత్రం పాలనా వైఫల్యమేనన్న ప్రతిపక్ష విమర్శలో పస ఉంది. రాష్ట్రంలోనూ, కేంద్రంలోనూ ఒకే పార్టీ అధికారంలో ఉండి, రాష్ట్రం నుంచి కాంగ్రెస్ 33 మంది ఎంపీలను లోక్‌సభకు పంపి కూడా సాధించలేకపోవడం ఆ విమర్శకు బలం చేకూర్చింది.

పనులు జరగలేదా?

నాణేనికి రెండో వైపు చూడటం ధర్మం. కిరణ్ ప్రభుత్వం చేతులు ముడుచుకు కూర్చుందనడం సత్యదూరం. 2011 నవంబర్ నుంచి రూపాయికి కిలో బియ్యం పథకం అమలైంది. అదే నెలలో మీసేవ కేంద్రాలు మొదలయ్యాయి. ధ్రువపత్రం కోసం తహసీల్దార్ కార్యాలయం చుట్టూ తిరిగే బాధ కొంత తగ్గింది. భూమి యజమాని హక్కుకు భంగం లేకుండా కౌలు రైతుకు రుణ అర్హత కార్డు ఇచ్చే చట్టం 2011లోనే వచ్చింది. కౌలుసేద్యం ఎక్కువగా ఉన్న కోనసీమకు అది ఎంతో అవసరమైన చట్టం. ఎస్సీ, ఎస్టీ ఉపప్రణాళిక నిధులను దారి మళ్లించకుండా కట్టుదిట్టం చేసే బిల్లును 2012 డిసెంబర్‌లో శాసనసభ ఆమోదించింది.

చట్టం చేయడానికి ఒక రోజు సభ చాలు. దాన్ని పొలం గట్టుకు చేర్చడానికి ఏళ్ల తరబడి పర్యవేక్షణ కావాలి. కౌలు రైతుకు కార్డు అందినా బ్యాంకు మేనేజర్ రుణం ఇవ్వడానికి వెనకాడిన ఉదంతాలు కోకొల్లలు. యజమాని ఒప్పుకోడన్న భయంతో కార్డు అడగనివారూ ఉన్నారు. కలెక్టరు నుంచి మండల వ్యవసాయాధికారి దాకా పట్టుబట్టి పని చేయించే యంత్రాంగం ఉద్యమాలు, బందోబస్తులు, ఉప ఎన్నికల విధుల్లో తలమునకలై ఉంది. అస్థిర ప్రభుత్వం పథకాలు ప్రకటించలేనిది కాదు. నిజానికి అది మరిన్ని ప్రకటిస్తుంది. వాటిని నిలబెట్టే ఓపిక, తీరికే దానికి ఉండవు.

వేచి చూసినవారికి విజయం

2013 జూలై 30న కాంగ్రెస్ కార్యవర్గం తెలంగాణ ఏర్పాటుకు తీర్మానించింది. సీమాంధ్రలో ఉద్యోగులు రెండు నెలలకు పైగా సమ్మె చేశారు. కార్యాలయాలు మూతపడ్డాయి. బస్సులు కదలలేదు. అక్టోబర్‌లో చంద్రబాబు ఢిల్లీలో, జగన్ హైదరాబాద్‌లో మళ్లీ ఏకకాలంలో దీక్షలు చేశారు. సొంత పార్టీ నిర్ణయాన్నే ధిక్కరించిన ముఖ్యమంత్రి 2014 జనవరి 30న విభజన బిల్లును తిరస్కరిస్తూ శాసనసభ చేత తీర్మానం చేయించారు. ఫిబ్రవరిలో పార్లమెంటు బిల్లును ఆమోదించింది. ఫిబ్రవరి 19న కిరణ్ రాజీనామా చేశారు. మార్చి 1న రాష్ట్రపతి పాలన వచ్చింది. ప్రతిపక్షాలు కూల్చలేని ప్రభుత్వం తనంతట తానే ముగిసింది.

ఆ తర్వాత జరిగిన ఎన్నికల్లో విభజిత ఆంధ్రప్రదేశ్‌లోని 175 స్థానాల్లో తెలుగుదేశం 102 గెలిచింది. వైఎస్సార్ కాంగ్రెస్ 67 దగ్గర ఆగింది. కాంగ్రెస్‌కు ఒక్క స్థానం కూడా దక్కలేదు. వేచి చూడాలన్న తెలుగుదేశం వ్యూహం పార్టీపరంగా నూటికి నూరుపాళ్లు ఫలించింది. 2013 మార్చిలో ఎన్నికలు వచ్చి ఉంటే ఫలితం ఇలా ఉండేదని ఎవరూ అనలేరు.

ఆ నిరీక్షణకు అయిన ఖర్చు మాత్రం ఏ పార్టీ పద్దులోనూ కనిపించదు. అధికారపక్షం పడిపోతామన్న భయంతో స్థానిక ఎన్నికలు వాయిదా వేసింది. ప్రధాన ప్రతిపక్షం ఓడిపోతామన్న భయంతో ప్రభుత్వ పతనాన్ని వాయిదా వేసింది. ఇద్దరి వాయిదాల నడుమ పూడిక తీయని కాల్వ, వెలగని దీపం, రాని పరిహారం పల్లె భరించింది.

హామీల లెక్క కూడా చెప్పుకోవాలి. 2014లో అధికారం చేపట్టాక రుణమాఫీని కుటుంబానికి లక్షన్నర రూపాయలకు పరిమితం చేశారు. 50 వేల లోపు రుణాలను ఒకేసారి, మిగతావి వాయిదాల్లో చెల్లించే పద్ధతి పెట్టారు. చివరి వాయిదాలు పూర్తిగా అందకముందే 2019లో ప్రభుత్వం మారిపోయింది. పాదయాత్రలో రైతు విన్న మాటకు, బ్యాంకు పాస్‌బుక్కులో చూసుకున్న అంకెకు తేడా మిగిలింది.

స్థిరత్వం వచ్చింది... సభ ఖాళీ అయింది

అస్థిరతే అన్ని అనర్థాలకు మూలమైతే, ఆ తర్వాత వచ్చిన బలమైన ప్రభుత్వాల హయాంలో పల్లె పరిస్థితి చక్కబడి ఉండాలి. అనుభవం అలా చెప్పడం లేదు. 2013లో ఎన్నికైన పంచాయతీల గడువు 2018 ఆగస్టులో ముగిసింది. అప్పుడు ప్రభుత్వానికి సంఖ్యాబలం కొరత లేదు. అయినా ఎన్నికలు జరగలేదు. 2019లో 151 స్థానాలతో వచ్చిన ప్రభుత్వ హయాంలో వివాదాలు, కరోనా, కోర్టు కేసులు దాటుకుని 2021 ఫిబ్రవరిలో జరిగాయి. ఈసారి ఖాళీ రెండున్నరేళ్లు. 2022 ఖరీఫ్ ముందు కోనసీమ రైతులు మరోసారి క్రాప్ హాలిడే ప్రకటించారు. ధాన్యం డబ్బు సకాలంలో రావడం లేదని, మురుగు కాల్వలు బాగుచేయలేదని పాత ఫిర్యాదులే వినిపించాయి. నాటి ప్రతిపక్ష నేతలు ప్రభుత్వాన్ని తూర్పారబట్టారు. ఇది రాజకీయ ప్రేరేపితమని అధికారపక్షం కొట్టిపారేసింది. పదకొండేళ్ల క్రితం మాటలే. పలికేవారు స్థానాలు మార్చుకున్నారు.

మారిన మరో సంగతి ప్రతిపక్షం ఉండే చోటు. 2011లో అర్ధరాత్రి దాకా సభలో జరిగిన రైతు చర్చ వంటిది తర్వాతి కాలంలో అరుదైంది. తమ పార్టీ నుంచి వెళ్లిన సభ్యులపై అనర్హత వేటు వేయాలంటూ 2017లో వైఎస్సార్ కాంగ్రెస్ సభను బహిష్కరించింది. జగన్ పాదయాత్రకు బయల్దేరారు. 2021 నవంబర్‌లో చంద్రబాబు మళ్లీ ముఖ్యమంత్రిగానే సభకు వస్తానని ప్రతినబూని వెళ్లిపోయారు. 2024 ఎన్నికల్లో తెలుగుదేశం, జనసేన, బీజేపీ కూటమి 164 స్థానాలు గెలిచింది. 11 స్థానాలకు పరిమితమైన వైఎస్సార్ కాంగ్రెస్‌కు ప్రతిపక్ష హోదా దక్కలేదు. హోదా ఇస్తేనే సభలో మాట్లాడేందుకు తగిన సమయం దొరుకుతుందని వాదిస్తూ ఆ పార్టీ మళ్లీ బహిష్కరణ బాట పట్టింది.

రోడ్డు మీది విమర్శ ఓట్లు తెస్తుంది. వరుసగా మూడు ఎన్నికలు ఆ సంగతి చాటాయి. సభలో ప్రశ్న వేస్తే మంత్రి లిఖితపూర్వకంగా బదులివ్వాలి. ఏ కాల్వకు ఎంత మంజూరైంది, ఎంత ఖర్చయింది, పని ఎందుకు ఆగింది అన్నవి రికార్డుకెక్కుతాయి. కోనసీమ రైతుకు పనికొచ్చేది ఆ రికార్డు. సభ వెలుపల చేసిన ఆరోపణకు సభ వెలుపలే ప్రత్యారోపణ వస్తుంది. అంతటితో కథ ముగుస్తుంది.

అసలు పరీక్ష ఇదే

2011 నుంచి 2013 వరకు నడిచిన చరిత్ర నుంచి తేలేది స్థూలంగా ఇది. ప్రభుత్వం బలహీనమైనా, బలమైనదైనా పల్లెను కాపాడేవి కొన్ని గడువులు. స్థానిక ఎన్నికల గడువు, ధాన్యం డబ్బు చెల్లించే గడువు, కాల్వలు కట్టి మళ్లీ వదిలేలోగా పూడిక తీసే గడువు. వేసవిలో కాల్వలు కట్టేసిన రోజుల్లోనే పని జరగాలి. నీరు వదిలాక ఎంత నిధి ఇచ్చినా ఆ ఏటికి వ్యర్థం. ప్రతిపక్షం విమర్శ ఈ గడువులను పట్టుకుని నిలదీసినంతవరకు రైతుకు ఆసరా. ప్రభుత్వం ఎప్పుడు పడుతుందన్న జోస్యంగా మారితే అది నేతలకే కాలక్షేపం.

2025-26 ఖరీఫ్‌కు సాధారణ రకం ధాన్యానికి కేంద్రం క్వింటాలుకు 2,369 రూపాయల ధర ప్రకటించింది. 75 కిలోల బస్తాకు 1,776 రూపాయల 75 పైసలు. 750 రూపాయల నాటి రోజులతో పోలిస్తే రెట్టింపు దాటింది. కూలి, ఎరువు, కౌలు ఎంత పెరిగాయన్నది ఎదుట పెట్టి చూస్తేగానీ అది లాభమో నష్టమో తేలదు. 2021లో ఎన్నికైన పంచాయతీల అయిదేళ్ల కాలానికి 2026తో నిండే గడువు. ఏ ప్రభుత్వం ఎంత స్థిరమైనదో, ఏ ప్రతిపక్షం ఎంత మెలకువగా ఉందో కొలవడానికి పల్లెకు వేరే కొలమానం అక్కర్లేదు. గడువు నాటికి పంచాయతీ కుర్చీలో గ్రామస్థులు ఎన్నుకున్న మనిషి కూర్చున్నాడా, ప్రత్యేకాధికారి కూర్చున్నాడా అన్నది చూస్తే చాలు.